సీజర్ సైఫర్: ఎన్‌క్రిప్ట్ అవుతోంది, డీక్రిప్ట్ చేస్తే చెత్త వస్తోంది

సగంకోడు
అందరికీ నమస్కారం. సి లాంగ్వేజ్ నేర్చుకుంటున్నా. సరదాగా సీజర్ సైఫర్ అనే రహస్య రాత పద్ధతికి కోడ్ రాద్దామని కూర్చున్నా. ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకు జరపడమే కదా, పది నిమిషాల పని అనుకున్నా. (ఫోన్‌లో మాటిమాటికీ కీబోర్డు మార్చే ఓపిక లేక ఇంగ్లిష్ అక్షరాల పేర్లు తెలుగులోనే రాస్తున్నా, ఏమీ అనుకోకండి.)

ఎ ఇస్తే డి వస్తోంది. బి ఇస్తే ఈ. ఎక్స్, వై, జెడ్ ఇస్తే చుట్టు తిరిగి ఎ, బి, సి వస్తున్నాయి. ఇంతవరకు బాగుంది. తేడా అంతా వెనక్కి తెచ్చేటప్పుడే. డి నుంచి జెడ్ దాకా సరిగ్గానే వస్తున్నాయి. ఎ ఉన్న చోట > గుర్తు, బి ఉన్న చోట ప్రశ్నార్థకం, సి ఉన్న చోట @ వస్తున్నాయి. 3 కూడిన చోట 3 తీసేశాను, అంతకుమించి ఒక్క ముక్క మార్చలేదు. రెండు గంటలుగా చూస్తున్నా, తప్పెక్కడో కనబడట్లేదు.

బగ్‌వేట
కోడ్ చూడకుండానే చెప్పొచ్చు. శేషం దగ్గర దెబ్బ తిన్నారు.

ఎ స్థానం 0. అందులోంచి 3 తీస్తే -3. దాన్ని 26తో భాగించి శేషం తీసుకోమన్నారు. లెక్కల క్లాసులో అయితే 23 రావాలి, అంటే ఎక్స్. సి లాంగ్వేజ్‌లో -3 % 26 అంటే -3 యే. అది పోయి ఎ కోడ్‌కి, అంటే 65కి కలిసింది. 62 అయింది. కంప్యూటర్‌లో ఏ గుర్తుకి ఏ నంబరో చెప్పే ఆస్కీ పట్టికలో 62 ఏమిటో చూడండి: > గుర్తు. 63 ప్రశ్నార్థకం, 64 @. మీ మూడు చెత్త గుర్తులూ అవే, వరసలో కూడా.

(స్థానం - 3 + 26) % 26 అని రాయండి, పోతుంది.

సగంకోడు
పోయింది! రెండు గంటలు! మరి మా ఫ్రెండ్ ఇదే లెక్క పైథాన్‌లో రాస్తే ఎందుకు పనిచేసింది? వాడు 26 కలపలేదు.

బగ్‌వేట
పైథాన్‌లో -3 % 26 అంటే 23 వస్తుంది. భాజకం ధన సంఖ్య అయితే శేషం కూడా ఎప్పుడూ రుణాత్మకం కాకుండా చూసుకుంటుంది. జావా, జావాస్క్రిప్ట్ మాత్రం సి దారిలోనే నడుస్తాయి. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి సూత్రాన్ని కాపీ కొట్టేవాళ్లు పడే గోతుల్లో ఇదొకటి. నేనూ పడ్డాను, సైఫర్‌లో కాదు, క్యాలెండర్ కోడ్‌లో.

లెక్కల_పిచ్చి
26 కలపడం సరే. అసలు తీసివేతే లేకుండా చేయొచ్చు కదా. గడియారంలో ముల్లును 3 గంటలు వెనక్కి తిప్పినా, 9 గంటలు ముందుకు తిప్పినా ఒక్క చోటే ఆగుతుంది. అలాగే 26 అక్షరాల చక్రం మీద 3 వెనక్కి అంటే 23 ముందుకు. కాబట్టి డీక్రిప్ట్‌కి వేరే ఫంక్షనే అక్కర్లేదు. ఎన్‌క్రిప్ట్ ఫంక్షన్‌కే కీ (ఎన్ని స్థానాలు జరపాలో ఆ అంకె) బదులు 26 - కీ ఇచ్చి పిలవండి.

ఇంకో ముచ్చట. కీ 13 అనుకోండి. 26 - 13 కూడా 13 యే. అంటే ఒకసారి జరిపితే దాగుతుంది, మళ్లీ అదే జరిపితే బయటపడుతుంది. దీన్నే రాట్13 అంటారు. 1980లలో యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చావేదికలో జోకు ముగింపు, పొడుపుకథ జవాబు లాంటివి చూడగానే కంటబడకుండా ఇలా రాసేవాళ్లు. దొంగల నుంచి దాచడానికి కాదు, చదివేవాడి కన్ను ముందే జవాబు మీద పడకుండా.

ఊరికేచదువుతా
నాకు కోడింగ్ రాదు, ఊరికే చదువుతుంటా. ఒక చిన్న సందేహం. 3తో ఒకసారి జరిపి, దాన్నే మళ్లీ 5తో జరిపితే రెండు తాళాలు వేసినట్టే కదా? దొంగకి రెట్టింపు కష్టం?

లెక్కల_పిచ్చి
లేదండీ. 3 జరిపి 5 జరిపితే 8 జరిపినట్టు. దొంగకి మీరు రెండుసార్లు చేశారని తెలియాల్సిన పని కూడా లేదు, 8 అని ఒక్క కీ కనుక్కుంటే చాలు. వందసార్లు జరిపినా చివరికి 0 నుంచి 25 లోపు ఏదో ఒక్క జరుపే మిగులుతుంది. ఇక 13తో రెండుసార్లు చేశారంటే మీ సందేశం చెక్కు చెదరకుండా వెనక్కి వస్తుంది. అది మరీ భద్రం!

ఊరికేచదువుతా
😀 అయితే జూలియస్ సీజర్ కనిపెట్టినది ఇంత బలహీనమైనదా?

పాతకాగితం
సీజర్ కనిపెట్టాడని గట్టిగా చెప్పలేం. వాడాడని రాసింది సుటోనియస్ అనే రోమన్ చరిత్రకారుడు, అదీ సీజర్ పోయిన నూటయాభై ఏళ్లకు పైగా గడిచాక. రహస్యం రాయాల్సి వస్తే ఎ కి బదులు డి, మిగతావీ అలాగే అని అందులో ఉంది. జరుపు 3 అన్న సంగతి అక్కడి నుంచే వచ్చింది.

సగంకోడు గారికి నచ్చే విషయం ఇంకొకటి ఉంది. సీజర్ వారసుడు ఆగస్టస్ కూడా ఇలాగే రాసేవాడు, కాకపోతే ఒక్క స్థానమే జరిపేవాడు. అప్పటి లాటిన్‌లో చివరి అక్షరమైన ఎక్స్ వచ్చేసరికి చక్రం తిప్పి మొదటికి పోకుండా రెండు ఎ లు రాసేవాడట. చక్రమే లేదు కాబట్టి ఆయనకు శేషం బాధ లేదు.

బలహీనతంటారా, ఆ కాలంలో చాలామందికి చదవడమే రాదు. చదవగలిగినవాడు చూసినా ఏదో తెలియని భాష అనుకుని వదిలేసే అవకాశమే ఎక్కువ. ఈ కాలంలో వాడినవాళ్ల సంగతి వేరు. సిసిలీ మాఫియా పెద్ద బెర్నార్డో ప్రొవెంజానో 43 ఏళ్లు పరారీలో ఉండి 2006లో దొరికాడు. మనుషులకు చిన్న చీటీల మీద ఆదేశాలు పంపేవాడు. వాటిలో కొన్ని పేర్లు అంకెల్లో ఉండేవి: ఎ కి 4, బి కి 5, అలా. అంటే స్థానం సంఖ్యకి 3 కలిపాడు, అంతే. పోలీసులకు అదేం పెద్ద పని కాలేదు.

సగంకోడు
ఇప్పుడు అసలు సమస్యకి వచ్చా. ఇంగ్లిష్ పనిచేసింది కదా, తెలుగులో చేద్దామనుకున్నా. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ ఉంది కదా, ఆ నంబరుకి 3 కలిపా. "రేపు రా" అని ఇస్తే ఇది వచ్చింది:

ళొభౄ ళు

దీన్ని కష్టపడి చదవొచ్చేమో. కానీ "ఉంది" ఇస్తే ద ఉన్న చోట ఖాళీ పెట్టె వస్తోంది. కీ 5కి మార్చి చూశా, హ ఉన్న చోట అక్షరమే లేదు, ఒంటరి దీర్ఘం గుర్తు వేలాడుతోంది. ఫాంట్ సమస్యా?

బగ్‌వేట
ఫాంట్‌ని తిట్టకండి పాపం. యూనికోడ్‌లో తెలుగుకి 128 గదులు ఇచ్చారు, 3072 నుంచి 3199 దాకా. అన్నీ నిండలేదు. న తర్వాతి గది ఖాళీ, దాని తర్వాతే ప. ద నుంచి మూడడుగులు వేస్తే సరిగ్గా ఆ ఖాళీ గదిలోనే పడతారు. హ నుంచి ఐదు వేస్తే హల్లులు దాటేసి గుణింతం గుర్తుల్లోకి వెళ్లిపోతారు, అక్కడ దీర్ఘం ఉంటుంది. పైగా మీరు గుణింతం గుర్తులను కూడా జరిపారు. అందుకే "రా"లో దీర్ఘం కొమ్ము అయింది, "రే" పోయి "ళొ" అయింది. మధ్యలో ఱ, ళ ఉన్న వరస కూడా మనం బళ్లో నేర్చుకున్న వరస కాదు.

నంబర్లను నమ్ముకోకుండా మీ సొంత వరస పెట్టుకోండి. క నుంచి మ దాకా 25, తర్వాత య ర ల వ శ ష స హ ళ. మొత్తం 34. హల్లుని మాత్రమే జరపండి. గుణింతం, సున్నా, అచ్చులు ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి. ఒత్తు కూడా హల్లే కాబట్టి దాన్నీ జరపాలి. శేషం ఈసారి 34తో.

సగంకోడు
చేశా! కీ 3తో "రేపు రా" ఇప్పుడు:

శేభు శా

ఇది పలకడానికి కూడా వస్తోంది. ఎవరో ఇద్దరు మనుషుల పేర్లలా ఉంది.

లెక్కల_పిచ్చి
34కి సగం 17. అంటే తెలుగు రాట్13 నిజానికి రాట్17 అన్నమాట. క కి ద, ద కి క. ఎవరైనా పేరు పెట్టేశారేమో తెలీదు, లేకపోతే నాదే.

కీ 5 పెట్టి చూడండి, ఇంకో వింత. క వర్గం మొత్తం చ వర్గంలోకి, చ వర్గం ట వర్గంలోకి, అలా వర్గానికి వర్గం దిగుతుంది. ప వర్గం దాటి య దగ్గరికి వచ్చాక మాత్రం ఆ అందం చెడిపోతుంది.

పాతకాగితం
హల్లుల పట్టికతో ఆడుకోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలో చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి, అంటే తెలిసినవాళ్లకే అర్థమయ్యేలా మాటను మార్చి రాయడం, పలకడం. ఆ గ్రంథం మీద యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో మూలదేవీయం అనే పద్ధతి ఉంది. అందులో జరపడం ఉండదు, జతలు ఉంటాయి. అ కి క, ఖ కి గ, ఘ కి ఙ, చ కి ట, త కి ప, య కి శ, ఇలా. అ వస్తే క రాయాలి, క వస్తే అ రాయాలి. పైన చెప్పిన రాట్13 లాగే దాచడానికీ, తీయడానికీ పట్టిక ఒక్కటే. తేడా ఏంటంటే ఇందులో కీ అనే అంకె లేదు. పట్టిక ఒకడికి తెలిస్తే అందరి రహస్యాలూ తెలిసినట్టే.

సగంకోడు
సరే, ఇప్పుడు పరీక్ష. కీ చెప్పను. విప్పండి చూద్దాం:

బాఛం డెఖి లుఙ్బజంకో ఉంమి

ఊరికేచదువుతా
కాగితం, పెన్ను తీసుకున్నా. నేను విప్పేదాకా పెద్దలు ఎవరూ జవాబు చెప్పొద్దు.

బగ్‌వేట
చెప్పను. కానీ ఒక్క చూపులో అయిపోయింది.

ఊరికేచదువుతా
వచ్చింది!! మొదటి మాట ఒక్కటే తీసుకుని కిందికి కిందికి రాసుకుంటూ పోయా. ఒకటి వెనక్కి జరిపితే ఫాచం. తర్వాత పాఙం. నాఘం. ధాగం. దాఖం. థాకం. తాళం! ఏడోసారికి "తాళం" వచ్చేసరికి కేక పెట్టా. మిగతావి కూడా ఏడు వెనక్కి జరిపా: "తాళం చెవి పుస్తకంలో ఉంది."

మధ్యలో ఒక చోట తికమకపడ్డా. ఛ నుంచి ఏడు వెనక్కి పోవడానికి చోటు లేదు కదా, క దాటి అవతలికి వెళ్లి ళ దగ్గర ఆగాలని కాసేపటికి వెలిగింది. మొదటి పోస్టులో ఈయనకి వచ్చిన చిక్కు ఇదే కదా?

బగ్‌వేట
అక్షరాలా అదే. ఆ వాక్యంలో ళ, వ, స, ల నాలుగూ చక్రం దాటి వచ్చినవే. 34 కలపని కోడ్‌తో విప్పితే ఆ నాలుగు చోట్లా చెత్త వచ్చేది.

మీరు చేసినదాన్ని బ్రూట్ ఫోర్స్ అంటారు, ఉన్న తాళంచెవులన్నీ వరసగా పెట్టి చూడటం. 34 హల్లులకి పనికొచ్చే కీలు 33. ఇంగ్లిష్‌కైతే 25. మనిషికి పావుగంట, కంప్యూటర్‌కి రెప్పపాటు కూడా కాదు. నేను మాత్రం చివరి మాట నుంచి మొదలెట్టా. "ఉంమి". అచ్చులు, సున్నా దాచలేదని తెలుసు. తెలుగు వాక్యం చివర ఉ, సున్నా, ఇకారం ఉన్న అక్షరం కనబడితే ఇంకేం ఉంటుంది, "ఉంది" తప్ప? ద నుంచి మ కి ఎంత దూరం? ఏడు. అయిపోయింది. ఇలా ముందే ఊహించగల మాటను పట్టుకుని లాగడం పాత పద్ధతే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా అనే సైఫర్ యంత్రపు సందేశాలను విప్పిన బ్రిటిష్‌వాళ్లు కూడా ఇలాంటి ఊహించిన మాటల మీద బాగా ఆధారపడ్డారు. ఎనిగ్మా ఎక్కడ, ఇదెక్కడ అనుకోండి.

లెక్కల_పిచ్చి
మూడో దారి ఉంది, సందేశం పొడుగ్గా ఉంటే అన్నిటికంటే హాయైనది. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ కిందీ అనే పండితుడు దీన్ని రాసిపెట్టాడు. ఇంగ్లిష్‌లో ఈ అనే అక్షరం దాదాపు 12 నుంచి 13 శాతం ఉంటుంది. దాచిన సందేశంలో హెచ్ ఎక్కువగా కనబడితే ఈ నుంచి హెచ్‌కి దూరం 3, కీ దొరికినట్టే.

తెలుగుకి నేనైతే ఎక్కువ వచ్చేవాటిని కాదు, అసలు రానివాటిని చూస్తా. మనం రాసేదాంట్లో ఙ దాదాపు ఉండదు. ఞ "జ్ఞ"లో తప్ప ఉండదు. ఝ, ఛ, ఠ ఎప్పుడో ఒకసారి. ఈ ఖాళీలు పట్టికలో ఉండే చోట్లు మారవు, సందేశాన్ని జరిపితే ఖాళీలు కూడా మూకుమ్మడిగా అంతే జరుగుతాయి. ఐదు గడుల ఎడంలో రెండు ఖాళీలు ఎక్కడ తేలాయో చూస్తే జరుపు ఎంతో తెలుస్తుంది. పై పరీక్షలో నాలుగు మాటల్లోనే ఛ, ఙ రెండూ కనబడ్డాయి. అలాంటి తెలుగు వాక్యం ఎక్కడైనా చూశారా?

సగంకోడు
ఒప్పుకున్నా, అచ్చులు వదిలేయడం నా తప్పు. ఇప్పుడు అచ్చులకీ ఒక చక్రం పెట్టా. అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ ఎ ఏ ఐ ఒ ఓ ఔ, మొత్తం 13. గుణింతాలు కూడా దీన్ని బట్టే మారతాయి. హల్లులకి ఒక కీ, అచ్చులకి ఇంకో కీ. 34ని 13తో గుణిస్తే 442 జతలు! కాగితం మీద అన్నీ రాయమనండి ఈసారి.

లెక్కల_పిచ్చి
ఆశ బాగుంది. కానీ దొంగ 442 చూడడు. రెండు చక్రాలు ఒకదానితో ఒకటి కలవవు కదా. ముందు హల్లుల లెక్క చూసి హల్లుల కీ కనుక్కుంటాడు, మహా అయితే 34 ప్రయత్నాలు. తర్వాత అచ్చులు, ఇంకో 13. గుణకారం కాదు, కూడిక: 47. నంబరు తాళానికి రెండు చక్రాలున్నా, ఒక్కోటీ సరైన చోట టిక్కుమంటే ఎంతసేపు తెరవడం?

ఊరికేచదువుతా
జరపడం మానేసి ఒక్కో అక్షరానికి ఇష్టమొచ్చిన అక్షరం పెట్టుకుంటే?

లెక్కల_పిచ్చి
అప్పుడు కీల సంఖ్య ఆకాశాన్ని అంటుతుంది. 26 అక్షరాలకే సుమారు 4 తర్వాత 26 సున్నాలు. ఒక్కొక్కటీ పెట్టి చూడటం కుదరని పని. అయినా విప్పేస్తారు! ఈ కి ఎప్పుడూ ఒకే గుర్తు ఉన్నంతకాలం, ఆ గుర్తు ఏదైతేనేం, లెక్కపెడితే ఎక్కువసార్లు వచ్చేది అదే. తాళంచెవులు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం.

పాతకాగితం
ఆ లెక్కను చెడగొట్టడానికే ఒక్కో అక్షరాన్ని ఒక్కో దూరం జరిపే పద్ధతి వచ్చింది. కీ ఒక్క అంకె కాదు, ఒక మాట. దాని అక్షరాల స్థానాలు 3, 7, 1 అనుకోండి: మొదటి అక్షరానికి 3, రెండోదానికి 7, మూడోదానికి 1, మళ్లీ 3. ఒకే అక్షరం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా మారుతుంది. 1553లో ఇటలీకి చెందిన బెల్లాసో దీన్ని ప్రచురించాడు. పేరు మాత్రం తర్వాత వచ్చిన ఫ్రెంచివాడు విజెనేర్‌కి దక్కింది. మూడు వందల ఏళ్లు దీన్ని విప్పలేమనే చెప్పుకున్నారు. 1863లో కాసిస్కీ అనే సైనికాధికారి విప్పే దారి అచ్చు వేశాడు: కీ తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి, దాచిన సందేశంలో ఒకే ముక్క మళ్లీ కనబడిన చోట్ల మధ్య దూరాలు కొలిస్తే కీ పొడవు తెలుస్తుంది. పొడవు తెలిశాక అది మూడు సీజర్ సైఫర్లను పక్కపక్కన పెట్టినట్టే.

బగ్‌వేట
ఇక కీ తిరిగి రాకుండా, సందేశం ఎంత పొడుగో అంత పొడుగు ఉండి, ప్రతి అంకె లాటరీ తీసినట్టు వచ్చి, ఒక్కసారి వాడి పారేస్తే? దాన్ని ఎవరూ విప్పలేరు. ఇది గొప్ప కోసం అనే మాట కాదు, క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితవేత్త 1949లో గణితంతో నిరూపించి ప్రచురించాడు. "శేభు శా" అన్నది "రేపు రా" కావచ్చు, "నేను రా" కావచ్చు, "లేదు పో" అని కూడా... కాదులెండి, గుణింతాలు దాచలేదు, "పో" కుదరదు. "లేదు నా" కావచ్చు. అన్నిటికీ సమాన అవకాశం, ఏది నిజమో తేల్చే ఆధారం లేదు. లోపల జరుగుతున్నది మాత్రం సీజర్ చేసిన అదే కూడిక, అదే శేషం. చిక్కంతా అంత పొడుగు కీని అవతలివాడికి రహస్యంగా చేర్చడంలో ఉంది. అది చేర్చగలిగితే సందేశమే చేర్చేయొచ్చు కదా అంటారు కొందరు. ముందే కలిసినప్పుడు కీ ఇచ్చిపుచ్చుకుంటే, సందేశం ఎప్పుడో అవసరమైనప్పుడు పంపుకోవచ్చన్నది దానికి జవాబు.

గాలివాటం
మధ్యలో దూరుతున్నా. నా పాస్‌వర్డులన్నీ ఒక ఫైల్‌లో రాసుకున్నా. ఈ సైఫర్‌తో దాచి పెట్టుకోవచ్చా? కీ ఎవరికీ చెప్పను.

బగ్‌వేట
వద్దు. కీ మీరు చెప్పక్కర్లేదు, పైన ఒకరు కాగితం మీద ఏడు వరసల్లో కనుక్కున్నారు చూడండి. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. వాటిలో ఏఈఎస్ లాంటి గట్టి సైఫర్లు ఉంటాయి.

గాలివాటం
13తో రెండుసార్లు చేస్తే?

లెక్కల_పిచ్చి
పైకి వెళ్లి మొదటి నుంచి చదవండి సార్.

సగంకోడు
కోడ్ మొత్తం సరిచేశా. ఒకే ఫంక్షన్, డీక్రిప్ట్‌కి 34 - కీ ఇస్తున్నా. పరీక్షగా 34 హల్లులనీ 33 కీలతో దాచి, తీసి, మొదటిదానితో పోల్చా. ఒక్క తేడా లేదు. క్ష ఒక్కటి భయపెట్టింది కానీ అది క కింద ష ఒత్తే కాబట్టి దానంతటదే సర్దుకుంది. ఱ వాడేవాళ్లు క్షమించాలి, పట్టికలో పెట్టలేదు, అది ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అందరికీ థ్యాంక్స్.

ఊరికేచదువుతా
అశ్నలైంపి.

బగ్‌వేట
కీ 3. సున్నా తర్వాత "పి" చూసి పట్టేశా.